మూగవోయిన రెండక్షరములు

ఇంగ్లీషు చదువ మొదలిడిన తెలుగు పిల్లవానికి తొలి సంవత్సరముననే ఒక చిక్కు ఎదురగును. అంతవరకు వాడు నేర్చిన లిపిలో వ్రాసిన ప్రతి అక్షరమును పలుకుచుండెను. ఇప్పుడు వాచకములో రాత్రి అను అర్థము గల ‘నైట్’ అను మాట వచ్చినది. ఎన్, ఐ, జీ, హెచ్, టీ అని అయిదక్షరములు. వాడు తనకు తెలిసిన పద్ధతిని కూడబలుకుకొని ‘నిఘ్ట్’ అని చదువును. తరగతి యంతయు నవ్వును. జీ, హెచ్ రెండును పలుకరాదని పంతులుగారు సవరింతురు. ‘పలకనప్పుడు రాయడం ఎందుకండీ?’ అని పిల్లవాడు అడిగినచో, ‘అది అంతేరా, బట్టీ పట్టు’ అన్నదే సాధారణముగా దొరకు సమాధానము.

పిల్లవాడు వేసిన ప్రశ్న తెలివిమాలినది కాదు. దానికి సమాధానము లేకపోలేదు. అది వేయి సంవత్సరములకు పైబడిన చరిత్రలో ఉన్నది. ఈ ప్రసంగమున ఆ రెండక్షరముల కథ చెప్పదలచితిని.

ఆ రెండక్షరములు జంటగా కనబడు మాటలను ఒకచోట చేర్చి చూతము. రాత్రికి ‘నైట్’, వెలుగునకు ‘లైట్’, సరియైనదానికి ‘రైట్’, ఎనిమిదికి ‘ఎయిట్’, కూతురునకు ‘డాటర్’, ఎత్తునకు ‘హై’, ఆలోచనకు ‘థాట్’, నవ్వునకు ‘లాఫ్’, దగ్గునకు ‘కాఫ్’, చాలుననుటకు ‘ఇనఫ్’. ఇవి పరభాషలనుండి తెచ్చుకొన్న పండితుల మాటలు కావు. ఇంటిలో, పొలములో, నిత్యవ్యవహారములో నలిగిన మాటలు, ఇంగ్లీషువారి పుట్టుసొత్తు. కావుననే వీనియందు ఆ జాతి నాలుక యొక్క పాతగురుతు నిలిచియున్నది.

సుమారు 7వ శతాబ్దమునుండి వ్రాతలో లభించు ప్రాచీనాంగ్లమున ఈ మాటలలో జీ, హెచ్‌ల జంట లేదు. రాత్రి అను మాటను ఎన్, ఐ, హెచ్, టీ అని నాలుగక్షరములతో వ్రాసెడివారు, నాలుగింటిని పలికెడివారు. ఆ హెచ్ ధ్వని మన హకారము వంటి మెత్తని ఊపిరి కాదు. నాలుక మొదలు పైకి లేచి అంగిటిని తాకీ తాకనట్లుండగా రాచుకొనుచు వెలువడు ఊష్మధ్వని. ఉర్దూలో ‘ఖబర్’ అను మాట మొదట వినిపించు ధ్వని వంటిది. సంస్కృత శిక్షాకారులు దీనిని ఎరుగుదురు. విసర్గకు క, ఖలు పరమైనప్పుడు కలుగు ధ్వనికి వారు జిహ్వామూలీయము అని పేరిడిరి. జర్మనులు ‘నాఖ్ట్’ అని రాత్రిని, ‘టోఖ్టర్’ అని కూతురును నేటికిని ఆ ధ్వనితోడనే పలుకుచున్నారు. స్కాట్లండు ప్రజలు తమ సరస్సులకు ‘లాఖ్’ అను పేరును అట్లే పలుకుదురు.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప వ్రాయసకాండ్ర పద్ధతి మారినది. హెచ్ అను అక్షరము ఈ గట్టిధ్వనికి చాలదని తోచి, కొందరు మన అంకెలలోని 3ను పోలిన ‘యోఖ్’ అను అక్షరమును వాడిరి. మరికొందరు జీ, హెచ్ అను రెంటిని జతచేసి వ్రాసిరి. కాలక్రమమున ఈ జంటయే గెలిచినది. కనుక ఆ రెండక్షరములు చేరినది పిల్లలను బాధించుటకు కాదు. ఉన్న ధ్వనిని ఉన్నట్లు చూపుటకే చేరినవి. ఆనాడవి మూగవి కావు.

ఈ ధ్వని ఎచ్చటనుండి వచ్చినది? ఇచ్చట కథ మన ముంగిటికి వచ్చును. 1786లో కలకత్తాలో విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు ఒక మూలము ఉండియుండునని చాటెను. 1822లో జర్మను పండితుడు యాకబ్ గ్రిమ్ ఆ బంధుభాషలలో హల్లులు ఏ క్రమమున మారినవో సూత్రీకరించెను. ఆ సూత్రముల ననుసరించి, మూలభాషలోని కకారము ఇంగ్లీషు, జర్మను భాషల పూర్వరూపమున ఊష్మముగా మారినది. లాటినులో రాత్రికి ‘నోక్టెమ్’ అనియు, ఎనిమిదికి ‘ఓక్టో’ అనియు అందురు. వీనిలోని కకారమున్న చోటనే ఇంగ్లీషులో జీ, హెచ్‌లు కూర్చున్నవి. పాత రోమను పంచాంగమున ఎనిమిదవ నెల అక్టోబరు. ఆ పేరులో మనము స్పష్టముగా పలుకు కకారమును, ‘ఎయిట్’ అను మాటలో పలుకక వ్రాయు జీ, హెచ్‌లును ఒక తల్లి బిడ్డలు. సంస్కృతమున అదియే షకారమై ‘అష్ట’ అయినది.

రాత్రి సంగతి ఇంకను దగ్గరిది. సంస్కృతమున రాత్రివేళకు ‘నక్తమ్’ అని పేరు. రాత్రి తిరుగువారు నక్తంచరులు. కార్తిక మాసమున మన ఇండ్లలో పెద్దవారు పగలెల్ల ఉపవసించి, నక్షత్రములు చూచి భుజించు వ్రతమునకు నక్తములుండుట అని పేరు. అవ్వ నోట ‘నక్తం’ అని పలికిన కకారమునే మనుమడు వాచకములో జీ, హెచ్ అను మూగ అక్షరములుగా చూచుచున్నాడు. ఇద్దరికిని ఆ సంగతి తెలియదు.

సరియైనది అను అర్థము గల ‘రైట్’ అను మాటకు లాటిను ‘రెక్టుస్’, సంస్కృత ‘ఋజు’ చుట్టములు. వంకర లేనిది అని మూలార్థము. ‘లైట్’ అను మాట నిజమునకు రెండు మాటలు. వెలుగు అను అర్థము గలది సంస్కృతమున కాంతిని తెలుపు రుచి, రోచిస్సు అను మాటలకు బంధువు. తేలిక అను అర్థము గలది వేరు. అది ‘లఘు’ శబ్దమునకు బంధువు. ఇంగ్లీషులో మూగవోయిన వ్రాత యొక్క చోట మన ‘లఘు’లో ఘకారము నేటికిని నిండుగా పలుకుచున్నది. రూపమున ఒకటై నిలిచిన ఈ రెండు మాటలు రెండు ఇండ్లనుండి వచ్చి ఒక గడపలో కలిసినవి.

ఇంకొక గుంపు కలదు. వీనికి ఎదురుగా సంస్కృతమున హకారము కనబడును. కూతురునకు ఇంగ్లీషున ‘డాటర్’, సంస్కృతమున ‘దుహిత’, పారశీకమున ‘దుఖ్తర్’. పారశీకములో ఆ ఊష్మధ్వని చెక్కుచెదరలేదు. రొట్టెకై పిసికిన పిండిముద్దకు ‘డో’ అని పేరు. అది ‘దేహ’ శబ్దమునకు చుట్టమన్నచో వినువారికి వింతగా తోచును. మెత్తుట, పిసికి రూపు దిద్దుట అను అర్థము గల మూలధాతువునుండియే రెండును పుట్టినవి. ‘లేడీ’ అను గౌరవపదము సైతము మొదట రొట్టెపిండి పిసుకు ఇల్లాలు అను అర్థము గల సమాసమే. తూచుట అను అర్థము గల ‘వే’ అను మాటకు పూర్వార్థము మోయుట. మన ‘వహించు’ అను మాటలోని వహ్ ధాతువే అది.

అర్థము ఎక్కివచ్చిన మాట ఒకటి చెప్పవలెను. కే అను అక్షరముతో మొదలగు ఇంకొక ‘నైట్’ కలదు. అది మధ్యయుగపు అశ్వికవీరునికి పేరు. ‘సర్’ బిరుదము పొందినవానికిని ఆ పేరే. ప్రాచీనాంగ్లమున దాని అర్థము బాలుడు, సేవకుడు. జర్మనులో దాని తోబుట్టువు నేటికిని సేవకుడను అర్థముననే నిలిచినది. రాజును కొలుచు కుర్రవాడు రాజుకొరకు పోరాడు వీరుడయ్యెను. మాటయు వానితో పాటు పైకెక్కెను. తెలుగున ‘బంటు’ అను మాటకు సేవకుడు, శూరుడు అను రెండర్థములును ఉన్నవి. హనుమంతుని రామునిబంటు అన్నప్పుడు రెండును కలిసియే తోచును.

ఇక ఆ ధ్వని ఎట్లు మూగవోయినది? 1400లో మరణించిన చాసర్ కవి కాలమున ఇంగ్లీషువారు దీనిని పలుకుచునేయుండిరి. 15వ శతాబ్దమునుండి 17వ శతాబ్దము వరకు అది క్రమముగా జారిపోయినది. పండితుడైన అలెగ్జాండర్ గిల్ 1619లో ప్రకటించిన ఇంగ్లీషు వ్యాకరణమున ఆ ధ్వనిని ఇంకను గుర్తించెను. కాని నాటికే అది లండనువారి నోట పోవుచుండెను. పోవుచు పోవుచు అది తన మాత్రను ముందున్న అచ్చునకు అప్పగించినది. హ్రస్వమైన ఇకారము దీర్ఘమైనది. అదే కాలమున ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులన్నియు స్థానములు మారుచుండుటచే ఆ ఈకారము ఐకారమైనది. కావుననే ‘సిట్’ అను మాటలో ఇకారము, చూపు అను అర్థము గల ‘సైట్’ అను మాటలో ఐకారము వినబడును. జీ, హెచ్‌లు తాము పలుకకున్నను ముందున్న అచ్చును దీర్ఘముగా పలికించుచున్నవి. మూగవైనను పని మానలేదు.

ఉకార, ఓకారముల వంటి అచ్చుల పిదప మాత్రము కథ వేరుదారి పట్టినది. అవి పలుకునప్పుడు పెదవులు గుండ్రమగును. ఆ గుండ్రని పెదవుల నడుమ నాలుక మొదటి ఊష్మము కొన్ని మాండలికములలో పెదవులమీదికి జారి ఫకారమైనది, కొన్నింట అడుగంటినది. సంస్కృతమునందును విసర్గ క, ఖల ముందు జిహ్వామూలీయము, ప, ఫల ముందు పెదవులపై పుట్టు ఉపధ్మానీయము అగుచున్నది గదా. రెండు భాషలకును ఈ విషయమున సంబంధము లేదు. మనుష్యుని నోటి నిర్మాణము ఒక్కటే. లండను వాడుక ఒక మాటను ఒక మాండలికమునుండి, మరియొక మాటను వేరొకదానినుండి గ్రహించెను. దాని ఫలమే ఓ, యూ, జీ, హెచ్ అను నాలుగక్షరముల కూర్పునకు ‘దో’, ‘త్రూ’, ‘బౌ’, ‘కాఫ్’, ‘రఫ్’, ‘థాట్’ అను మాటలలో ఆరు పలుకులు. మన పిల్లలే కాదు, ఇంగ్లీషువారి పిల్లలును ఇచ్చట కన్నీరు పెట్టుకొందురు.

ఈ గందరగోళమును వెక్కిరించుటకు ఒక చమత్కారము పుట్టినది. జీ, హెచ్, ఓ, టీ, ఐ అని వ్రాసి ‘ఫిష్’ అని చదువవచ్చునట! ‘లాఫ్’లోని ఫకారము, స్త్రీలు అను అర్థము గల ‘విమెన్’లోని ఇకారము, ‘నేషన్’లోని షకారము కలిపినచో చేప వచ్చును. ఇది బెర్నార్డ్ షా చమత్కారమని పలువురు చెప్పుదురు. షా జన్మించినది 1856లో. ఈ మాట 1855 నాటి ఒక లేఖలోనే కలదు. చమత్కారము బాగున్నది గాని అది నిలువదు. జీ, హెచ్‌లు మాట మొదట ఎన్నడును ఫకారము కావు. ఆ కూర్పు అచ్చుల పిదపనే ఆ పలుకును పొందును. పైకి అరాచకముగా తోచు వ్రాతయందును స్థానమును బట్టి నడచు ఒక నియమము ఉన్నదనుటకు ఈ వెక్కిరింతయే సాక్షి.

అయితే సాక్షులందరును సత్యవంతులు కారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరులో ఇంగ్లండుకు తొలి ముద్రణాలయమును నెలకొల్పెను. అతడు అంతకు పూర్వము చిరకాలము ఫ్లెమిషు భాష పలుకు బ్రూజెస్ నగరమున నివసించినవాడు. దయ్యమునకు ‘గోస్ట్’ అను మాటలో ప్రాచీనాంగ్లమున హెచ్ లేదు. ఫ్లెమిషు వ్రాత అలవాటుచే కాక్స్‌టన్ అచ్చులో అది చొరబడినది. బాతు, బాలిక అను అర్థములు గల మాటలకును అచ్చుకూటము వారు అట్లే హెచ్ తగిలించిరి. అవి దానిని విదిల్చివేసినవి. దయ్యమునకు పట్టినది మాత్రము వదలలేదు.

ఆనందము అను అర్థము గల ‘డిలైట్’ ఫ్రెంచినుండి వచ్చిన మాట. దానికి వెలుగుతో సంబంధము లేదు. 16వ శతాబ్దమున ‘లైట్’ను చూచి దానికిని జీ, హెచ్‌లు తగిలించిరి. గర్విష్ఠి అను అర్థము గల ‘హాటీ’ అను మాటకు మూలమైన ఫ్రెంచి పదమునను అవి లేవు. ఎక్కిళ్లకు ‘హికప్’ అను మాటను దగ్గుతో ముడిపెట్టి, కొందరు దాని చివర ‘కాఫ్’ అను మాట వ్రాతను అంటించిరి. వంశము లేనివాడు వంశవృక్షమున పేరు వ్రాయించుకొన్నట్లయినది. కనుక వ్రాతను నమ్మి చరిత్ర చెప్పువాడు ఒక్క సాక్షితో తృప్తి పడరాదు. బంధుభాషలను, పూర్వగ్రంథములను అడిగి పోల్చుకొనవలెను.

ఈ బరువును దించుటకు యత్నములు జరుగకపోలేదు. 1755లో శామ్యూల్ జాన్‌సన్ నిఘంటువు వాడుకలోనున్న వ్రాతకే గౌరవము కట్టబెట్టెను. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నాటి తన నిఘంటువున నాగలికి ‘ప్లౌ’ అను మాటనుండి ఈ జంటను తొలగించిన రూపమును నిలిపెను. అది అచ్చట నాటుకొన్నది. 1906లో ఒక సంస్కరణసంఘము 300 మాటల వ్రాతను సులభపరచి పట్టిక ప్రకటింపగా, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వ ముద్రణాలయమున ఆ రూపములనే వాడవలెనని ఆజ్ఞాపించెను. ‘దో’, ‘త్రూ’ మొదలగు మాటలు ఆ పట్టికలోనివి. పత్రికలు పరిహసించెను, శాసనసభ ఎదిరించెను. ఆ సంవత్సరము ముగియకముందే ఆజ్ఞ ఉపసంహృతమైనది. రాజ్యాధికారము సైతము రెండు మూగ అక్షరములను కదలింపజాలకపోయినది.

మరి మన తెలుగులో ఇట్టి మూగ అక్షరము ఎన్నడును లేదా? ఉండెను. అదియే అరసున్న. ‘వాఁడు’, ‘మూఁడు’ అని వ్రాసి ‘వాడు’, ‘మూడు’ అనియే చదివెడివారు. పూర్వము ఆ చోట నిండైన అనునాసికము ఉండెననుటకు ‘వాన్డు’ అని చెక్కిన శాసనములును, తమిళమున నేటికిని నిలిచిన ‘మూన్ఱు’ అను రూపమును సాక్షులు. సంవత్సరము అను అర్థము గల ‘ఏఁడు’నకు అరసున్న కలదు, సంఖ్య యైన ‘ఏడు’నకు లేదు. తమిళమున సంవత్సరము ‘ఆండు’. అందు సున్న నిండుగా పలుకుచున్నది. నోట ఒక్కటైన రెండు మాటలను వ్రాతలో వేరుచేసి, వాని వేర్వేరు పుట్టుకలను చూపినది ఆ అరచుక్కయే. ఇంగ్లీషు రాత్రికిని, వీరునికిని వ్రాతలో ఉన్న భేదము ఇట్టిదే.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున అరసున్నకు నియమములు కూర్చెను. తరువాత పాఠశాలలలో అది పిల్లలకు పెద్ద పరీక్షయైనది. ఎచ్చట ఉండవలెనో చెవి చెప్పదు, నిఘంటువు చెప్పవలెను. గిడుగు రామమూర్తి పంతులు మొదలగువారు వాడుకభాషకై పోరాడిన పిదప, 20వ శతాబ్దమున అచ్చునుండి అరసున్న క్రమముగా తొలగిపోయినది. ఈ ప్రసంగమును అచ్చులో చదువువారు గమనింపగలరు: గ్రాంథికరూపములు విడువని నేనును ఉదాహరణములకు తప్ప అరసున్న వాడలేదు.

కావున ఒకే సమస్యకు రెండు జాతులు రెండు మార్గములు తొక్కినవి. ఇంగ్లీషువారు చరిత్రను వ్రాతలోనే ఉంచుకొని, దాని వెలను తరతరముల పిల్లలచేత చెల్లించుచున్నారు. మనము పిల్లల బరువు దించి, చరిత్రను నిఘంటువులకు అప్పగించితిమి. పిల్లలకై చేసిన పని మంచిదేయని నా అభిప్రాయము. నోటిలో లేనిదానికి పసివాని మార్కులు తగ్గించుట న్యాయము కాదు. అరసున్నను వాచకములలోనికి తిరిగి తేవలెనని నేను కోరను. కాని దించిన బరువుతోపాటు జ్ఞాపకమును కూడ పారవేసితిమేమో యని శంక. తమిళుల ‘ఆండు’ మన ‘ఏడు’నకు తోబుట్టువని చెప్పు గురుతు పుటలమీదినుండి పోయినప్పుడు, ఆ సంగతిని మాటలతోనైనను చెప్పు గురువు ఉండవలెను గదా. నిఘంటువులలో అది నిలువవలెను. పై తరగతులలో దాని కథ ఒక్కసారియైనను వినిపింపవలెను.

అట్లే ఇంగ్లీషు తరగతిలో ‘నిఘ్ట్’ అని చదివిన పిల్లవానికిని ఒక ఋజువైన సమాధానము రావలసియున్నది. ‘బట్టీ పట్టు’ అనుటకు ముందు, ‘ఒకప్పుడు దాన్ని పలికేవారు నాయనా, ఇప్పుడు మానేశారు, మీ మామ్మగారు కార్తికంలో ఉండే నక్తం ఉందే, అందులో క అన్నావు చూడు, అదే ఇది’ అని చెప్పుటకు అర నిమిషము చాలును. అక్షరములు అయిదును వాడు ఎట్లును కంఠస్థము చేయవలసినదే. కాని ఆ సాయంకాలము ఇంటికి వెళ్లి అవ్వను నక్తమనగా నేమని అడుగును.